ఓణీకీ చీరకూ మధ్య ఒక అంతస్తు

షాపింగ్ మాల్ అంటే మనకు బట్టల దుకాణం. ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ నుంచి పెళ్ళి బట్టలకు ఆదిలాబాద్‌కో నిర్మల్‌కో బయలుదేరినవాళ్లు ‘మాల్‌కు పోతున్నం’ అంటే, సినిమా హాళ్లూ హోటళ్లూ వంద కంపెనీల కొట్లూ ఉన్న భవనం వాళ్ల మనసులో ఉండదు. ఒకే యజమాని, అంతస్తుకో రకం బట్ట, కింద బిల్లు కట్టే చోటు, అంతే. ఆ మాట పుట్టుక వేరు. పదిహేడో శతాబ్దపు లండన్‌లో ‘పాల్ మాల్’ అనే బంతాట ఆడిన బాటకు అది పేరు. కప్పు వేసి, లోపలంతా చల్లగా ఉంచిన అంగడి సముదాయానికి ఆ పేరు అతకడం తర్వాతి కథ. 1956లో అమెరికాలోని మినియాపొలిస్ దగ్గర విక్టర్ గ్రూయెన్ రూపకల్పన చేసిన సౌత్‌డేల్ అందులో పెద్ద మలుపు. హైదరాబాద్‌లో అలాంటివి జీవీకే వన్, ఇనార్బిట్. రెండూ 2009లో తెరుచుకున్నాయి. జిల్లాల్లో మాత్రం సౌత్ ఇండియా, చెన్నై, సీఎంఆర్ అనే పేర్ల పక్కన చేరి ఆ మాట బట్టల కొట్టుగా స్థిరపడింది. పట్టుచీరకు మద్రాసు టి.నగర్ మీద మనవాళ్లకున్న గురి ఆ పేర్లలో కొంత కనబడుతుందని నా అనుమానం.

ఈ దుకాణాల చరిత్రను చీర నుంచి మొదలుపెట్టడం అలవాటు. వ్యాపారంలో బరువు పట్టుచీరదే కనుక అది సహజం. అయితే పెళ్ళికాని ఆడపిల్ల వైపు నుంచి చూస్తే ఇదే చరిత్ర ఇంకోలా కనిపిస్తుంది. పాత బట్టల దుకాణంలో పరుపు మీద తెల్లగుడ్డ పరిచి ఉండేది. సేటు తానులు విప్పుతుంటే తల్లో నాయనమ్మో ఎంచేది. పిల్ల వెనక కూర్చునేది. చిన్నప్పుడు గౌను, ఈడొచ్చాక లంగా ఓణీ, పెళ్ళయ్యాక చీర. ఈ మూడు మెట్లలో నడిమి మెట్టుకు దుకాణంలో విడిగా చోటు లేదు. లంగాకు ఇన్ని గజాలు, రైకకు ముక్క, ఓణీకి ఇంకో ముక్క. కొలతలు మేర (దర్జీ) ఇంట్లో. బట్ట ఎంచేది పెద్దవాళ్లు, కుట్టేది ఇంకొకరు. కట్టుకునే మనిషికి మిగిలింది మహా అయితే రంగు.

నడిమి మెట్టుకు దుకాణంలో ఆ చోటును తెచ్చింది కాలేజీ పిల్లలు వేసుకున్న పంజాబీ డ్రెస్. అదీ మొదట మూడు ముక్కల ‘డ్రెస్ మెటీరియల్’గానే వచ్చింది కనుక మేర మిషన్ ఆగలేదు. కుట్టి సిద్ధంగా ఉంచిన సల్వార్ కమీజును ఒక పేరు కింద అమ్మడం మీనా బింద్రా ఇంటి నుంచి నడిపిన వ్యాపారంతో బలపడింది. ఆమె పెట్టుబడి ఎనిమిది వేల రూపాయల బ్యాంకు అప్పు. కంపెనీ పేరు బీబా. పంజాబీలో అది ఆడపిల్లను ముద్దుగా పిలిచే మాట. కొనేదెవరో పేరులోనే చెప్పిన వ్యాపారం అది.

రెండో దారి టాటాలది. 1952లో మొదలైన లాక్మేను సిమోన్ టాటా పెద్ద సౌందర్య సాధనాల సంస్థగా నిలబెట్టారు. 1998లో దాన్ని హిందుస్థాన్ లీవర్‌కు అమ్మి, ఆ డబ్బుతో ట్రెంట్ సంస్థ బట్టల వైపు తిరిగింది. బ్రిటన్‌కు చెందిన లిటిల్‌వుడ్స్ బెంగళూరులో నడిపిన దుకాణాన్ని కొని వెస్ట్‌సైడ్ అని పేరు పెట్టారు. లిప్‌స్టిక్ అమ్మిన సొమ్ముతో కుర్తాలు అమ్మారన్నమాట. 2016లో అదే సంస్థ తెచ్చిన జూడియోలో సరుకంతా సొంత పేరుతోనే, చాలావాటి ధర వెయ్యి దాటదు, ఆన్‌లైన్‌లో అమ్మరు. 2025 మార్చి నాటికి ఆ దుకాణాలు 760 దాటాయి. జేబు ఖర్చుతో కొనగలిగిన చోట పెద్దవాళ్ల సెలవు అక్కర్లేదు.

తెలుగువాళ్ల సంస్థల్లో సాయి సిల్క్స్‌ది గమనించదగిన పద్ధతి. 2005లో అమీర్‌పేటలో మొదటి కళామందిర్ తెరిచిన ఆ సంస్థ తర్వాత పెళ్ళి పట్టుకు వరమహాలక్ష్మి, తక్కువ ధర రోజువారీ బట్టలకు కేఎల్‌ఎం ఫ్యాషన్ మాల్ అని కొట్లను విడదీసింది. 2023 సెప్టెంబరులో షేరు 222 రూపాయల ధరకు సుమారు 1,201 కోట్ల ఇష్యూతో స్టాక్ మార్కెట్‌కు ఎక్కింది. ఈ విభజనలో తల్లి కొట్టు, కూతురు కొట్టు వేరుపడటం నాకు కనిపిస్తుంది. సంస్థ అలా అనకపోవచ్చు.

ఆడపిల్లల మీదే ఆధారపడిన వ్యాపారం నిలకడైనదని అనుకోనక్కర్లేదు. 1984లో లాస్ ఏంజెలెస్‌లో 900 చదరపు అడుగుల కొట్టుగా మొదలై ప్రపంచమంతా మాల్స్‌లోకి పాకిన ఫరెవర్ 21 అమెరికాలో 2019లో ఒకసారి, 2025లో మరోసారి దివాలా పిటిషన్ వేసింది.

ఈలోగా తెలంగాణ ప్రభుత్వం ఆడపిల్లను ఇంకో లెక్కన చూసింది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల పథకం 18 ఏళ్లు నిండి రేషన్ కార్డులో పేరున్న ప్రతి ఆడమనిషికీ చీర ఇచ్చింది. సిరిసిల్ల మరమగ్గాలకు పని దొరకడం దాని అసలు మేలు. కానీ 18 నిండగానే చీర అన్న లెక్క పాత మూడో మెట్టుదే. ఆ చీర అందుకున్న పిల్ల రోజూ వేసుకునేది లెగ్గిన్, టాప్.

ఇచ్చోడ చుట్టూ నల్లరేగడిలో పండేది పత్తి. దసరా దాటాక పత్తి పైసలు చేతికొస్తే బట్టలు కొంటారు. అప్పుడు పిల్లలు కొనే టాప్‌లలో చాలావాటికి చేతులు ఉండవు. విడిగా కత్తిరించిన చేతులు లోపల పిన్ను పెట్టి ఉంటాయి. వేసుకునే పిల్ల వాటిని కుట్టించుకోవచ్చు, వదిలేయవచ్చు. తానులు కత్తిరించి లంగాలు కుట్టిన మిషన్ల మీద ఇప్పుడు ఎక్కువగా సాగేది ఆ చేతులు అతికే పని, పక్కకుట్లు విప్పి వదులు చేసే పని.