సగం నిజానికి పూర్తి శిక్ష

1966 నవంబరులో మిషిగన్ గవర్నరుగా జార్జ్ రోమ్నీ మూడోసారి గెలిచాడు. ఆ నెలలోనే వచ్చిన హ్యారిస్ సర్వేలో, అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌తో ముఖాముఖి తలపడితే 54కి 46గా ఆయనదే పైచేయి అని తేలింది. 1968లో రిపబ్లికన్ పార్టీ ఎవరిని నిలబెట్టాలన్న ప్రశ్నకు జవాబు దొరికిందనే చాలామంది అనుకున్నారు. పదిహేను నెలలు తిరిగాయి. ఏ రాష్ట్రంలోనూ ప్రైమరీ ఓటు ఒక్కటైనా పడకముందే ఆయన పోటీలోంచి తప్పుకున్నాడు. లంచం తిన్నందుకు కాదు, ఆడవాళ్ల గొడవ వల్ల కాదు, లెక్కల్లో తేడాలు బయటపడీ కాదు. పన్నెండేళ్ల ఆదాయపు పన్ను కాగితాలు తనంతట తానే జనం ముందు పరిచిన మనిషి ఆయన. ఆయన్ని పడగొట్టింది తన నోటి నుంచే వచ్చిన ఒక్క వాక్యం. అందులో నిజం ఉంది, లోపమూ ఉంది. లోపానికి శిక్ష వేసిన దేశం నిజం జోలికి వెళ్లనే లేదు.

రోమ్నీలది మతం కోసం వలసపోయిన వంశం. మోర్మన్లు. తాత మైల్స్ పార్క్ రోమ్నీకి ఒకరికి మించి భార్యలు. బహుభార్యాత్వం మీద అమెరికా ప్రభుత్వం కేసులు పెట్టి వెంటపడేసరికి 1880లలో సరిహద్దు దాటి మెక్సికోలో కాపురం పెట్టాడు. అక్కడి చివావా రాష్ట్రంలో, కలోనియా దుబ్లాన్ అనే మోర్మన్ల ఊళ్లో 1907లో జార్జ్ పుట్టాడు. తండ్రి గ్యాస్కెల్‌కు ఒక్కతే భార్య. తల్లిదండ్రులిద్దరూ అమెరికా పౌరులే. 1912లో విప్లవం మంటలు ఊరి దాకా వచ్చాయి. ఇల్లూ వాకిలీ వదిలేసి కుటుంబం టెక్సాస్‌లోని ఎల్ పాసో చేరింది. ఐదేళ్ల ఆ పిల్లవాడు తన సొంత దేశానికి శరణార్థిగా వచ్చాడు. ఆ తర్వాత ఐడహో, యూటా. తండ్రి వ్యాపారం లేస్తూ పడుతూ ఉంటే కొడుకు గోడలకు గిలాబా చేసే పని నేర్చుకున్నాడు.

1926లో మత ప్రచారానికి స్కాట్లాండ్, ఇంగ్లండ్ వెళ్లాడు. లండన్ హైడ్ పార్కులో నిలబడి, ఎగతాళి చేసే గుంపుల మధ్య తన నమ్మకాన్ని గొంతెత్తి చెప్పేవాడు. మోర్మన్లు నెలకో ఆదివారం ఉపవాసం ఉండి, గుడిలో ఒక్కొక్కరే లేచి తమ మనసులో ఉన్నది అందరి ముందూ సాక్ష్యంగా చెబుతారు. మనసు మారితే ఆ సంగతి దాచుకోకూడదు, నలుగురిలో నిలబడి ఒప్పుకోవాలి. రోమ్నీకి ఒంటబట్టిన చదువు అదే. కాలేజీ డిగ్రీ మాత్రం పూర్తికాలేదు.

1954లో నాష్, హడ్సన్ కార్ల కంపెనీలు కలిసి అమెరికన్ మోటార్స్ అయ్యాయి. ఆ ఏడాది అక్టోబరులో అధిపతి జార్జ్ మేసన్ చనిపోతే, మునగబోతున్న ఆ కంపెనీ రోమ్నీ చేతికొచ్చింది. పోటీ కంపెనీలు పడవలంత కార్లు చేస్తున్న రోజుల్లో ఆయన చిన్న కారు రాంబ్లర్‌నే పట్టుకున్నాడు. పెద్ద కార్లను పెట్రోలు తాగే డైనోసార్లని వెక్కిరించాడు. 1958 మాంద్యంలో అందరి అమ్మకాలూ పడిపోతే ఆయనవి పెరిగాయి. తనకు రావలసిన జీతభత్యాల్లో పెద్ద మొత్తం కంపెనీకే వదిలేశాడు. 1962లో గవర్నరుగా నిలబడాలా వద్దా అని తేల్చుకోవడానికి ఇరవైనాలుగు గంటలు ఉపవాసం ఉండి ప్రార్థన చేశాడు. ఆ ఎన్నికలో మిషిగన్‌లో పద్నాలుగేళ్ల డెమోక్రాట్ పాలనకు తెరపడింది. 1964లో పార్టీ అధ్యక్ష అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్ ఓటమితో పాటే పార్టీ అంతా కొట్టుకుపోతే, ఆయన్ని బలపరచనని మొండికేసిన రోమ్నీ తన రాష్ట్రంలో దర్జాగా గెలిచాడు.

ఇలాంటివాడు అధ్యక్ష పదవి వైపు అడుగేయగానే మతం ముందుకొచ్చింది. 1960లో జాన్ కెనడీ హ్యూస్టన్‌లో పాస్టర్ల ముందు నిలబడి, కాథలిక్ అయినంత మాత్రాన పోపు చెప్పినట్టు ఆడనని నమ్మబలకవలసి వచ్చింది. మోర్మన్‌కు ఇంకా కష్టం. ఆ సంఘంలో నల్లజాతివారికి యాజకత్వం నిషిద్ధం, అది 1978 దాకా తొలగలేదు. అటువంటి సంఘంలో పెద్దగా ఉన్నవాడు దేశంలోని నల్లవారికి న్యాయం చేస్తాడా అని విలేఖరులు పదేపదే అడిగారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు మాటల్లో కాక పనుల్లో ఉంది. 1963 జూన్‌లో, సంపన్న శ్వేతజాతీయుల పేటైన గ్రోస్ పాయింట్‌లో నల్లవారి ఇళ్ల హక్కుల కోసం సాగిన ఊరేగింపులో ఈ గవర్నరు నడిచాడు. మరుసటి ఏడాది సంఘం అపోస్తలుల్లో ఒకరు, డెల్బర్ట్ స్టాప్లీ, పౌరహక్కుల విషయంలో ఇంత ముందుకు పోవద్దని ఉత్తరం రాసి హెచ్చరించాడు. రోమ్నీ అడుగు వెనక్కి పడలేదు. ఆదివారం రాజకీయం చేయడు, మందు, సిగరెట్టు ముట్టడు, కాఫీ తాగడు అని నవ్వుకున్నవాళ్లు ఆ ఉత్తరం సంగతి ఎరగరు.

రెండో పరీక్ష వియత్నాం. 1965 నవంబరులో మరికొందరు గవర్నర్లతో కలిసి అక్కడికి వెళ్లాడు. సైన్యాధికారులు పటాలు చూపించారు, రాయబార కార్యాలయం వాళ్లు లెక్కలు అప్పజెప్పారు. తిరిగొచ్చి, మనం అక్కడ ఉండటం నైతికంగా సరైనదే, అవసరమే అన్నాడు. 1967 ఏప్రిల్‌లో హార్ట్‌ఫర్డ్ ప్రసంగంలోనూ దాదాపు ఆ దారిలోనే నడిస్తే జాన్సన్ మెచ్చుకున్నాడు. ఆ వేసవిలో మాట మారసాగింది. జులైలో డెట్రాయిట్ తగలబడింది. ఆ అల్లర్లలో 43 మంది చనిపోయారు. కేంద్ర సైన్యాన్ని పంపే విషయంలో గవర్నరుకూ అధ్యక్షుడికీ మధ్య చేదు మిగిలింది.

ఆగస్టు 31న డెట్రాయిట్‌లోని ఒక టీవీ స్టేషన్లో లూ గోర్డన్ అనే వ్యాఖ్యాత అడిగాడు, యుద్ధం గురించి మీరు ముందు అన్నదానికీ ఇప్పుడు అంటున్నదానికీ పొంతన కుదరడం లేదు కదా అని. వియత్నాం నుంచి తిరిగొచ్చేనాటికి తనకు జరిగినంత బ్రెయిన్‌వాష్ ఇంకెవరికీ జరగదని రోమ్నీ జవాబిచ్చాడు. జనరళ్లే కాదు, దౌత్యవేత్తలు కూడా ఆ పని నేర్పుగా చేస్తారన్నాడు. అక్కడితో ఆగలేదు. వచ్చాక ఆ దేశ చరిత్రను రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నుంచీ చదివాననీ, కమ్యూనిస్టులను ఆపడానికి అక్కడ దిగక తప్పలేదన్న మాటను ఇక నమ్మడం లేదనీ చెప్పాడు. మొదటి వాక్యం దేశమంతా మోగింది. తర్వాతి మాటలు ఎవరికీ పట్టలేదు.

కార్యక్రమం సెప్టెంబరు 4న ప్రసారమైంది. పత్రికలు అందుకున్నాయి. కొరియా యుద్ధంలో శత్రువుకు చిక్కిన సైనికుల గురించి వాడిన మాట అది. మనసు మెత్తనివాళ్లకే అలా జరుగుతుందని జనం అభిప్రాయం. అణ్వాయుధాల మీట మీద వేలుంచవలసినవాడు, ఒక్క పర్యటనలో బుర్ర అప్పగించి వచ్చానంటాడా? రేపు మాస్కోవాళ్లతో కూర్చుంటే ఏం గతి? ఆ పర్యటనలో పక్కనే ఉన్న వెర్మాంట్ గవర్నరు ఫిలిప్ హాఫ్ మండిపడ్డాడు. ఎన్నాళ్లుగానో వెన్నుదన్నుగా ఉన్న డెట్రాయిట్ న్యూస్ పత్రికే తప్పుకోమని రాసింది. సెనెటర్ యూజీన్ మెకార్థీ అయితే, రోమ్నీ బుర్రకు అంత ఉతుకుడెందుకు, ఓసారి నీళ్లలో జాడిస్తే చాలు అన్నాడని చెప్పుకుంటారు.

నోరు జారాడన్నారు. జారలేదు. హైడ్ పార్కు నాటి అలవాటు కొద్దీ లేచి సాక్ష్యం చెప్పాడు. కాకపోతే సాక్ష్యంలో సగమే చెప్పాడు. వాళ్లు నన్ను మోసం చేశారన్నాడు గానీ, మోసపోవడానికి నేనూ సిద్ధంగానే ఉన్నాను, రెండేళ్లపాటు ఆ మాటల్నే ఊరూరా చెప్పాను అనలేదు. తప్పు తెలుసుకున్న గొప్పతనం తనది, తప్పు మాత్రం పరాయివాళ్లది అన్నట్టు వినిపించింది. కురుక్షేత్రంలో ధర్మరాజు సగం నిజం పలికితే, అంతదాకా నేలకు అంటకుండా సాగిన రథం కిందికి దిగింది. అయినా గురువు కూలాడు, యుద్ధం దక్కింది. రోమ్నీ పలికిన సగం నిజానికి రథమూ దక్కలేదు, యుద్ధమూ దక్కలేదు.

పడుతున్నవాడు ఆగలేదు, అదే చూడటానికి బాధ. ఆ సెప్టెంబరులో పదిహేడు నగరాల మురికివాడలు తిరిగాడు. నవంబరు 18న పోటీ చేస్తున్నట్టు ప్రకటించాడు. జనవరి చలిలో న్యూహాంప్‌షైర్ ఫ్యాక్టరీ గేట్ల దగ్గర చేతులు కలిపాడు. ఓ బౌలింగ్ ఆటశాలలో పిన్నులన్నీ పడేదాకా బంతి మీద బంతి విసురుతూనే ఉంటే పక్కనున్నవాళ్లు తల తిప్పుకున్నారట. పార్టీలో ఉదారవాదుల డబ్బూ మద్దతూ ఇప్పించిన న్యూయార్క్ గవర్నరు నెల్సన్ రాక్‌ఫెల్లర్, ఫిబ్రవరి 24న, పార్టీ తననే పిలిస్తే కాదననని ప్రకటించాడు. సొంత సర్వేల్లో ప్రత్యర్థి రిచర్డ్ నిక్సన్ అందనంత దూరంలో ఉన్నాడు. ఫిబ్రవరి 28న వాషింగ్టన్‌లో గవర్నర్లందరూ ఉన్నచోట రోమ్నీ తప్పుకున్నాడు. న్యూహాంప్‌షైర్ ఓటింగుకు రెండు వారాలు కూడా లేవు.

ఇందులోని క్రూరత్వం తేదీల్లో ఉంది. జనవరి ఆఖరులో కమ్యూనిస్టుల టెట్ దాడులు వియత్నాం అంతటా విరుచుకుపడి, యుద్ధం గెలుస్తున్నామన్న కబుర్లను బూడిద చేశాయి. రోమ్నీ తప్పుకోవడానికి ముందురోజు రాత్రే, దేశం నమ్మే టీవీ వార్తల మనిషి వాల్టర్ క్రాంకైట్, ఈ యుద్ధం తేలేది కాదని తేల్చి చెప్పాడు. మార్చి 12న యుద్ధ వ్యతిరేకి మెకార్థీ న్యూహాంప్‌షైర్‌లో అధ్యక్షుణ్ని వణికించాడు. నెలాఖరున జాన్సన్ తానే పోటీ నుంచి విరమించుకున్నాడు. మోసపోయామని దేశం గ్రహించిన నెలలోనే, మోసపోయానని ఆరు నెలల ముందు చెప్పినవాడు ఇంటిదారి పట్టాడు. తొందరగా చెప్పడం కూడా ఒక నేరమే.

ఆ ఎన్నికలో గెలిచిన నిక్సన్ రోమ్నీకి గృహనిర్మాణ శాఖ ఇచ్చాడు. శ్వేతజాతి శివార్లలో నల్లవారికి ఇళ్లు దొరికేలా చేయాలని పట్టుబట్టి, ఆ పని వైట్‌హౌస్‌కే కంటగింపై, 1973లో బయటికొచ్చాడు. 1971లో న్యూయార్క్ టైమ్స్ వియత్నాం యుద్ధం గురించిన రహస్య పెంటగాన్ పత్రాలు అచ్చువేసినప్పుడు, ప్రజలకు చెప్పిందొకటి, లోపల తెలిసిందొకటి అని రుజువైంది. 1995 ఏప్రిల్‌లో, ఆ యుద్ధాన్ని నడిపిన రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా తన పుస్తకంలో తాము ఘోరంగా పొరబడ్డామని ఒప్పుకున్నాడు. ఆ జులైలో రోమ్నీ ఎనభై ఎనిమిదేళ్ల వయసులో కన్నుమూశాడు. మెక్‌నమారా ఒప్పుకోలు మీద దేశం రోజుల తరబడి చర్చించింది. రోమ్నీ ఒప్పుకోలు మీద ఆనాడు జోకులు వేసింది.

తండ్రి పతనం కొడుకుకు పాఠమైంది. బహుశా అవసరానికి మించిన పాఠం. మిట్ రోమ్నీ మాట తూచి మాట్లాడేవాడు. 2007 డిసెంబరులో టెక్సాస్‌లోని కాలేజ్ స్టేషన్‌లో, తన మతం గురించి దేశానికి సంజాయిషీగా చేసిన ప్రసంగంలో మోర్మన్ అన్న మాట ఒక్కసారే పలికాడు. 2008 ఫిబ్రవరి 7న, యుద్ధకాలంలో తన పోటీ శత్రువుకు ఉపకారం కాకూడదంటూ దేశభద్రత పేరు మీద అధ్యక్ష బరి నుంచి తప్పుకున్నాడు. 2012లో పార్టీ అభ్యర్థిగా నిలబడీ ఓడాడు. తండ్రి మనసులో ఉన్నదంతా పైకి చెప్పాడని ఓడించారు, కొడుకు మనసులో ఏముందో తెలియదని ఓడించారు.

అభ్యర్థిని ఎంచుకునేటప్పుడు మతం గురించి అడగకూడదని కాదు. ఏ గుడికి వెళతాడు, ఏం తాగడు అని కాకుండా, తన తప్పు తనకు తెలిసిననాడు ఆ నమ్మకం అతనిచేత ఏం చేయిస్తుంది అని అడగాలి. దేశభద్రత గురించి అడగవలసిందీ అదే. 1967లో రోమ్నీ ఆ రెండింటికీ ఒకే జవాబిచ్చాడు, వంకరగా ఇచ్చాడు. ఆయన అధ్యక్షుడైతే యుద్ధం ఆగేదని ఎవరూ చెప్పలేరు. ఆ వాక్యం అన్ననాటికి వియత్నాంలో చనిపోయిన అమెరికా సైనికులు 20 వేలకు లోపే. యుద్ధం ముగిసేసరికి 58 వేలు దాటారు. వియత్నాం వాళ్లు లక్షల్లో. తడబడుతూ నిజం చెప్పినవాణ్ని పంపేసి, తడబడని వాళ్ల మాట మీద దేశం ఇంకో ఐదేళ్లు నడిచినందుకు కట్టిన ధర ఇది.