ధాన్యకటక దానశాసనాలు: దాతల లెక్కింపులో ఒక చిక్కు

కృష్ణానది కుడిగట్టున ఉన్న నేటి ధరణికోటే శాతవాహనుల కాలపు ధాన్యకటకం. దానిని ఆనుకొని ఉన్న అమరావతి మహాచైత్యానికి గృహపతులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు, ఉపాసికలు విడివిడిగా ఫలకాలు సమర్పించారు. ఆ సంగతిని చెప్పేవి ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో చెక్కిన చిన్న చిన్న దానశాసనాలు. 1912లో ల్యూడర్స్ ప్రకటించిన బ్రాహ్మీశాసనాల జాబితాలో వీటిలో అనేకం వరుససంఖ్యలతో చేరాయి. అటువంటి జాబితాను టాబ్లో వంటి సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి చిత్రపటాలు గీయడం నేడు సులువే.

ఆ సాఫ్ట్‌వేర్ పట్టికలోని అంశాలను రెండు తెగలుగా చూస్తుంది. దాత వృత్తి, ఊరు, స్త్రీపురుష భేదం వంటి విభజించే అంశాలు డైమెన్షన్లు. కూడదగిన అంకెలు మెజర్లు. శాసనంలోని రాజ్యసంవత్సరాన్ని అంకెగా నమోదు చేస్తే దానినీ కూడివేయగలదు. ఆ మొత్తానికి అర్థం లేదని చూడగానే తెలుస్తుంది గనుక ఈ పొరపాటు అంత ప్రమాదకరం కాదు.

చర్మకారుడైన విధికుని శాసనం అసలు చిక్కును చూపుతుంది. ఉపాధ్యాయ నాగుని కుమారుడైన ఇతడు తల్లి, భార్య, సోదరులు, కొడుకు నాగుడు, కుమార్తెలు, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘట ఫలకాన్ని సమర్పించాడు. శాసనానికొక వరుస చొప్పున పట్టిక రాస్తే ఇక్కడ దాత ఒక్కడే, పురుషుడు. మనిషికొక వరుస చొప్పున రాస్తే స్త్రీలు లెక్కలోకి వస్తారు; కాని ఒకే ఫలకం పలుమార్లు కూడబడి దానాల సంఖ్య పెరిగిపోతుంది. పైగా బంధుమిత్రులెందరో శాసనం చెప్పదు. తల్లి, భార్య ఇందులో ‘సమాతుక’, ‘సభార్యక’ వంటి విశేషణాల్లో ఇమిడిపోయారు. వారి పేర్లు లేవు. అంటే శాసన వ్యాకరణమే వారిని ముందుగా ఒక మొత్తంలో కలిపివేసింది. కనుక దానాలకొక పట్టిక, వ్యక్తులకొక పట్టిక వేరుగా ఉంచి శాసనసంఖ్యతో అనుసంధించాలి. ఫలకాలను లెక్కించేటప్పుడు ఒక్కో శాసనసంఖ్యను ఒక్కసారే గణించాలి. పేరు చెప్పిన దాత, చెప్పని దాత అనే భేదాన్నీ ఒక డైమెన్షన్‌గా చేర్చడం ఉచితం. అలా చేయని పటంలో స్త్రీల దానాలు తక్కువగా కనబడితే, ఆ తక్కువదనంలో కొంత పట్టిక రాసిన తీరుదే.

సంఘశాఖల విషయం మరింత సున్నితం. పులుమావి కాలపు శాసనమొకటి పశ్చిమద్వారం వద్ద చైత్యకులకు ధర్మచక్రం ఇచ్చినట్లు చెబుతుంది. ధరణికోట స్తంభశాసనం తూర్పుద్వారం వద్ద పూర్వశైలీయుల కోసం నిలిపిన ధర్మచక్ర స్తంభాన్ని పేర్కొంటుంది. శాఖ పేరు చెప్పని శాసనాలు మరెన్నో ఉన్నాయి. ఆ ఖాళీ గడులను తొలగించి శాతాలు కడితే మిగిలిన కొన్ని శాసనాలే మొత్తం ధాన్యకటకానికి ప్రతినిధులవుతాయి. 18వ శతాబ్ది చివర స్తూపశిలలు కట్టడాలకు తరలిపోయాయి. తరువాత దొరికినవి చెన్నై, లండన్ మ్యూజియాలకు చేరాయి. పటంలోని నూరుశాతం ఈ మిగులుకు మాత్రమే నూరుశాతం.