చింతాకు పతకం ఖరీదు

ఖమ్మంలో ఇంటర్ చదివే రోజుల్లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తెగ ఆడేవాణ్ణి. అందులో మంత్రాల కత్తిని డిసెన్‌చాంట్ చేస్తే పొడో, సారమో, స్ఫటికమో చేతికొస్తుంది. ఆ ముడిసరుకుతో ఇంకో ఆయుధానికి మహిమ పట్టించొచ్చు. పాత కత్తి మాత్రం తిరిగి రాదు.

ఇప్పుడు ఆ ఆట తలుచుకుంటే మా నేలకొండపల్లి గోపన్న గుర్తొస్తాడు. పాల్వంచ తహసీల్దారుగా వసూలు చేసిన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు, దేవుళ్లకు నగలు చేయించాడు. 1672 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలిన తానీషా ఆయన్ను ఖైదులో పెట్టాడు. అక్కడ పాడాడని చెప్పుకునే కీర్తనలో గోపన్న రాముడికే లెక్క చూపిస్తాడు: సీతమ్మ చింతాకు పతకానికి పదివేల వరహాలు. భక్తితో చేయించిన నగను దెబ్బల బాధలో తనే మళ్లీ నాణేలుగా విడగొట్టాడన్నమాట. చివర్లో, తిట్టానని నొచ్చుకోవద్దని బతిమాలుకుంటాడు కూడా.

వరహా అంటే ఎంతో మా నానమ్మకు తెలీదు. చింతాకు పతకం ఎలా ఉంటుందో మాత్రం కళ్లారా చూసినట్టే చెప్పేది. లెక్క చెప్పిన పాటే నగను కాపాడింది.

నేను పొడి చేసిన కత్తుల్లో ఒక్కదాని పేరూ నాకిప్పుడు గుర్తులేదు.