అతుకు నిలిచిన చేతులు: వేలూరు, కరిగిరి శస్త్రచికిత్సల చరిత్ర

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా వేలూరు, గుడియాత్తం, చిత్తూరు, చంద్రగిరి అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. తర్వాత జిల్లాలు వేరయ్యాయి, ఆపైన రాష్ట్రాలూ వేరయ్యాయి. రాకపోకలు మాత్రం ఆగలేదు. పెద్ద జబ్బు చేస్తే రాయలసీమ జనం నేటికీ రాయవేలూరని పిలుచుకునే ఈ వేలూరుకే వెళ్తారు. ఐడా స్కడ్డర్ 1900లో మొదలుపెట్టిన చిన్న వైద్యశాల పెరిగి పెద్దదై క్రైస్తవ వైద్య కళాశాల అయింది. దానినే అందరూ సీఎంసీ అంటారు. చచ్చుబడిన అవయవాలకు టెండన్లు మార్చి కట్టే శస్త్రచికిత్స చరిత్రలో ఈ ఊరికి ఉన్న చోటు మన పాఠకుల్లో చాలామందికి తెలియదు.

పాల్ బ్రాండ్ 1914లో కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టాడు. లండన్‌లో శస్త్రవైద్యం చదివి 1946 చివర్లో వేలూరు వచ్చాడు. మరుసటి ఏడు చెంగల్పట్టులోని లేడీ విల్లింగ్డన్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లాడు. అక్కడి వైద్యుడు రాబర్ట్ కాక్రేన్ చర్మవ్యాధుల నిపుణుడు. వార్డుల్లో ఎవరి చేతులు చూసినా వేళ్లు కొంకర్లు తిరిగి ఉన్నాయి. ఇవెందుకు ఇలా అవుతాయని బ్రాండ్ అడిగితే, ఎముకల వైద్యుడివి నువ్వు, అది నువ్వే కనిపెట్టాలన్నట్టు కాక్రేన్ బదులిచ్చాడు. బ్రాండ్ ఒక రోగి చేతిలో తన చేయి పెట్టి, గట్టిగా పట్టుకోమన్నాడు. ఆ పట్టుకు అతని చేయి నొప్పెట్టింది. అంటే ముంజేతి కండరాలు బతికే ఉన్నాయి! మోచేయి దగ్గర, మణికట్టు దగ్గర నరాలు దెబ్బతినడంతో అరచేతిలోని చిన్న కండరాలు మాత్రమే చచ్చుబడ్డాయి. పోయిన కండరం పనిని బతికున్న కండరానికి అప్పగించవచ్చన్న ఆలోచన ఆ పట్టులోనే పుట్టింది.

అప్పటి వైద్యుల్లో చాలామంది ఈ రోగుల ఒంట్లో కోసిన గాయం మానదనీ, వేసిన కుట్టు నిలవదనీ నమ్మేవారు. పెద్దరోగమన్న భయంతో మామూలు ఆసుపత్రులు వారిని చేర్చుకునేవి కూడా కావు. బ్రాండ్ 1948లో మొదటి శస్త్రచికిత్సలు చేశాడు. గాయాలు మానాయి, అతుకులు నిలిచాయి. నన్నడిగితే, ఆ తర్వాత వచ్చిన పద్ధతులన్నిటి కంటే ఇదే పెద్ద సంగతి. కుష్ఠు నరాన్ని చంపుతుంది. ఆ ఒంటికి మానే శక్తిని మాత్రం చంపదు.

ఇంతకీ అతుకు నిలవడమంటే ఏమిటి? కండరాన్ని ఎముకకు కట్టే తెల్లని గట్టి భాగమే టెండన్. అందులో కణాలు తక్కువ, రక్తప్రసారమూ తక్కువే. ఒకచోట నుంచి కోసి తీసి మరోచోట పెట్టిన టెండన్‌కు మొదటి రోజుల్లో రక్తం అందదు. చుట్టూ ఉన్న ద్రవమే దానికి ఆధారం. లోపలి కణాలు చాలావరకు చచ్చిపోతాయి. కొలాజెన్ పోగుల కట్టడం మాత్రం మిగులుతుంది. వారాలు గడిచేకొద్దీ కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు దానిలోకి చొరబడి పాత పోగులను తీసి కొత్తవి పేరుస్తాయి. చిత్తూరు మామిడి తోటల్లో అంటు కట్టే రైతుకు ఇది చెప్పనక్కరలేదు: చుట్టిన నార అంటును బతికించదు, అంటు పట్టేదాకా కదలకుండా ఉంచుతుంది, అంతే. శస్త్రవైద్యుడి దారం చేసే పనీ అదే.

ఎముకలో సొరంగం తొలిచి టెండన్‌ను అందులోకి దూర్చినప్పుడు ముందుగా ఆ రెండింటి మధ్య మెత్తని మచ్చకణజాలం నిండుతుంది. కొన్ని వారాలకు అందులోంచి షార్పీ పోగులనే కొలాజెన్ పోగులు ఎముకలోకి పాతుకుంటాయి. సొరంగం గోడల నుంచి కొత్త ఎముక టెండన్ వైపు పెరుగుతుంది. 1993లో అమెరికాలో రోడియో అనే పరిశోధకుడి బృందం కుక్కల మీద చేసిన ప్రయోగం దీన్ని స్పష్టంగా చూపింది. ఎనిమిది వారాల దాకా లాగితే టెండన్ సొరంగంలోంచి ఊడి వచ్చేది. పన్నెండు వారాలకు అతుకు ఊడలేదు. ఎముక సొరంగంలో టెండన్ పెట్టి చేసే మోకాటి లిగమెంట్ శస్త్రచికిత్స తర్వాత నెలల తరబడి జాగ్రత్త చెప్పడానికి ఒక ఆధారం ఇదే. పుట్టుకతో వచ్చిన అతుకులో టెండన్‌కూ ఎముకకూ మధ్య రెండు పొరల మృదులాస్థి ఉంటుంది. శస్త్రచికిత్స తర్వాత ఆ అమరిక మునుపటిలా తిరిగి రాదు.

బ్రాండ్ చేతి శస్త్రచికిత్సల్లో పేరుపొందినది ఒకటి చూద్దాం. మణికట్టును వెనక్కి ఎత్తే ఒక కండరాన్ని ఎంచుకునేవారు. దాని నరాన్ని కుష్ఠు అరుదుగా ముట్టుకుంటుంది. కానీ ఆ టెండన్ వేళ్ల దాకా అందదు. అందుకని పిక్కలోంచి ప్లాంటారిస్ అనే సన్నని పొడవాటి టెండన్ తీసి అతికి, నాలుగు పాయలుగా చీల్చి, ఒక్కో పాయను ఒక్కో వేలికి చేర్చేవారు. ఇక్కడ అతుకు టెండన్‌కూ టెండన్‌కూ మధ్యే. పాయలు వెళ్లే దారిలో కణజాలం చిరిగితే మచ్చ కట్టి టెండన్ అక్కడే అంటుకుపోతుంది. అందుకే మొనదేలని పొడవాటి పట్టుకారుతో మెల్లగా దారి చేసి పాయలను లాగేవారు. ఆ పట్టుకారుకు నేటికీ బ్రాండ్ పేరే ఉంది.

తర్వాత మూడు వారాలు పిండికట్టు. అతుకు పట్టాలంటే కదలకూడదు. కదలకపోతే చుట్టుపక్కల అంటుకుపోతుంది. ఈ రెంటి మధ్య దారి పట్టించాల్సింది ఫిజియోథెరపిస్టే. కట్టు విప్పాక రోగిని మణికట్టు ఎత్తమంటారు. ఎత్తబోతే వేళ్లు మొదటి కణుపుల దగ్గర వంగుతాయి! ఆ కండరానికి పని మారిందని మెదడు నేర్చుకోవాలి. వేలికి స్పర్శ లేదు కాబట్టి రోగి కంటితో చూస్తూనే సాధన చేయాలి. మామూలు మనిషికి అతుకు లాగితే నొప్పి పుట్టి ఆగమంటుంది. వీరికి ఆ హెచ్చరిక లేదు. శస్త్రవైద్యుల పేర్లు పుస్తకాల్లో నిలిచాయి గాని, రోజుల తరబడి పక్కన కూర్చుని ఈ సాధన చేయించినవారికీ, చేసినవారికీ ఆ ఘనతలో సమాన వాటా ఉంది.

బాగైన చేతులు మరో చిక్కు తెచ్చాయి. వంకర వేళ్లకు పడ్డ బిచ్చం మంచి చేతికి పడదు, పని ఎవరూ ఇవ్వరు. అందుకే 1951లో నవజీవ నిలయం పెట్టి వడ్రంగం వంటి పనులు నేర్పారు. 1952లో బ్రాండ్ లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో ఈ పనిపై ఉపన్యాసమిచ్చాడు. 1955లో వేలూరు దగ్గరి కరిగిరిలో షీఫెలిన్ కుష్ఠు పరిశోధన కేంద్రం వెలిసింది. అక్కడ శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ ఫ్రిట్షీ బ్రాండ్ పనిని కొనసాగించాడు. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిన వైద్యురాలు మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్స చేసింది.

పాదం వేలాడిపోయిన రోగుల విషయంలో టెండన్‌ను ఎముకకు అతకాలా వద్దా అన్న ప్రశ్న నేరుగా ఎదురైంది. కాలి వెనకవైపు ఉండే టిబియాలిస్ పోస్టీరియర్ టెండన్‌ను ముందువైపుకు తెచ్చి పాదం ఎముకలో నాటడం మామూలు పద్ధతి. స్పర్శలేని పాదంలో ఎముక తొలిస్తే ఆ ఎముకలే క్రమంగా చితికిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి టెండన్‌ను రెండు పాయలు చేసి వేళ్లనెత్తే టెండన్లకే కుట్టే పద్ధతిని శస్త్రవైద్యుడు హెచ్. శ్రీనివాసన్, ఆయన సహచరులు 1968లో ప్రచురించారు. ఎముకకు ఎప్పుడు అతకాలో తెలియడం ఎంత విద్యో, ఎప్పుడు అతకకూడదో తెలియడమూ అంతే విద్య.

అదే కాలంలో కరిగిరి సిబ్బంది గుడియాత్తం తాలూకాలో ఇల్లిల్లూ తిరిగి రోగులను గుర్తించి మందులిచ్చారు. నరం చావకముందే మందు పడితే టెండన్ మార్చే అవసరమే రాదు. నేడు బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఒంటి మీద పాలిపోయిన మచ్చ, దాని మీద స్పర్శ తెలియకపోవడం, చేతిలో తిమ్మిరి, చిటికెన వేలు వంగిపోవడం, వీటిలో ఏది కనిపించినా దాచుకోకుండా ఆ వారంలోనే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి.