గాజువాకలో ప్రజారోగ్యం, ఆరోగ్య సమానత

విశాఖపట్నం నగరంలోని పారిశ్రామిక ప్రాంతమైన గాజువాకలో వైద్యం అందే తీరు చాలావరకు ఉపాధి స్వభావాన్ని బట్టి ఉంటుంది. సమీపంలోని ఉక్కు కర్మాగారం శాశ్వత ఉద్యోగులకు సంస్థ సొంత ఆసుపత్రి ఉంది. 1948 నాటి చట్టం కింద ఏర్పడిన కార్మిక రాజ్య బీమా పథకం, నిర్ణీత వేతన పరిమితిలోపు నమోదైన కార్మికులకు, వారి కుటుంబాలకు వర్తిస్తుంది. నమోదు కాని దినకూలీలు, వలస కూలీలు, వీధి వ్యాపారులు ప్రధానంగా ప్రభుత్వ వైద్యం మీదే ఆధారపడతారు.

గాజువాక 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థలో విలీనమైంది. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ సుమారు 50,000 జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని నిర్దేశించింది. టీకాలు, గర్భిణుల పరీక్షలు, రక్తపోటు, మధుమేహ చికిత్స ఈ కేంద్రాల పని; ఆశా కార్యకర్తలు వాటిని బస్తీలతో కలుపుతారు. పెద్ద జబ్బులకు 1923లో ప్రారంభమైన కింగ్ జార్జ్ ఆసుపత్రి ఆధారం. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో ఆరంభమైన ప్రభుత్వ పథకం పేదలకు శస్త్రచికిత్సల ఖర్చు భరిస్తుంది.

నగరంలోనే ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7న ఒక కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయన ఆవిరి లీకై పలువురు మరణించారు. కర్మాగారాల చెంత నివసించేవారికి చికిత్సతోపాటు స్వచ్ఛమైన గాలి, సురక్షిత నీరు, ముందస్తు హెచ్చరిక కూడా ఆరోగ్య సమానతలో భాగమేనని ఆ దుర్ఘటన చాటింది.