చిల్లి కుండల్లో జ్ఞాపకం

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ర్యామ్ అడిగితే, కౌంటర్ వెనకాల కుర్రాడు ముందు అడిగేది కంపెనీ పేరు కాదు. "ఫోరా, ఫైవా అన్నా?" అంటాడు. అతనడిగే అంకె వెనక అరవై ఏళ్ల కథ ఉంది.

ఒకప్పుడు కంప్యూటర్ జ్ఞాపకమంటే సన్నని తీగలకు గుచ్చిన ఫెర్రైట్ ఉంగరాలు. ఆ గుచ్చుడు పని ఎక్కువగా ఆడవాళ్లే చేసేవారు, పూలమాల కట్టినంత ఓపికతో. కరెంటు పోయినా ఉంగరం మరిచిపోయేది కాదు. 1966లో ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెనార్డ్ ఒక్కో బిట్‌కు ఆరేసి ట్రాన్సిస్టర్లు ఖర్చయ్యే మెమరీతో కుస్తీ పడుతున్నాడు. ఇంత తతంగం దేనికని ఆలోచిస్తే తట్టింది: ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ చాలు. ఛార్జ్ ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. 1968లో పేటెంట్ వచ్చింది.

ఒకటే చిక్కు. ఆ కెపాసిటర్ చిల్లి కుండ. నింపిన ఛార్జ్ కారిపోతూనే ఉంటుంది, అది అడుగంటేలోపు చదివి మళ్లీ నింపాలి. మామూలుగా ప్రతి కుండకూ 64 మిల్లీసెకన్లకోసారి ఆ వంతు రావాలి. ఈ మెమరీ పేరే డీర్యామ్, అందులోని 'డైనమిక్' అన్న మాటకు అర్థం ఈ నింపుడే. 1970లో ఇంటెల్ అమ్మిన 1103 చిప్‌లో 1,024 బిట్లు. నేటి 16 జీబీ స్టిక్‌లో 13,700 కోట్లకు పైగా కుండలు!

మొదట్లో చిప్పుల్ని బోర్డులో విడివిడిగా గుచ్చేవారు. 1980లలో వాటిని చిన్న పట్టీ మీద వరసగా పెట్టి స్లాట్‌లో నొక్కే పద్ధతి వచ్చింది. తర్వాత డీడీఆర్ అనే ర్యామ్ తరాలు వచ్చాయి. వోల్టేజీ 2.5 నుంచి 1.8, 1.5, 1.2, చివరికి డీడీఆర్5లో 1.1కి దిగింది. డీడీఆర్4కీ 5కీ పిన్నులు 288 చొప్పునే, కానీ మధ్య గాటు చోటు వేరు. ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. ఆ కుర్రాడి ప్రశ్న అందుకే.

ఈ కుండలకు కారిపోవడమొక్కటే ముప్పు కాదు. 1978లో ఇంటెల్ పరిశోధకులు మే, వుడ్స్ ఒక వింత పట్టుకున్నారు. చిప్ పింగాణీ తొడుగులో లేశమాత్రంగా ఉన్న యురేనియం, థోరియం నుంచి వెలువడే ఆల్ఫా కణాలు బిట్లను తిప్పేస్తున్నాయి. తప్పును పట్టి దిద్దే ఈసీసీ ర్యామ్ సర్వర్లలో మామూలే. ఇంటి డెస్క్‌టాప్‌కు మాత్రం ఖర్చు పేరుతో ఎగ్గొట్టారు. నాకిది ఇప్పటికీ మింగుడుపడని పిసినారితనం.

స్టిక్కర్ మీద పేరేదైనా లోపలి చిప్పులు చాలావరకు శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్‌ల నుంచే వస్తాయి. అల్యూమినియం తొడుగుకూ రంగుల దీపాలకూ డబ్బు పోయకండి. మదర్‌బోర్డ్ తయారీదారు పరీక్షించిన ర్యామ్‌ల జాబితా చూడండి. రెండు స్టిక్‌లు కావాలంటే ఒకే ప్యాక్‌లో జంటగా కొనండి. డబ్బా మీది వేగం తనంతట తాను రాకపోవచ్చు, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేయాలి.

పాత స్టిక్ పక్కన కొత్తది గుచ్చి, నెలపాటు ఫైళ్లు ఎందుకు చెడిపోతున్నాయో తెలియక విండోస్‌ను తిట్టుకున్నవాణ్ని నేను. చివరికి ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపితే తెల్లారేసరికి స్క్రీన్ నిండా తప్పులు. మార్చుకుందామంటే బిల్లు మాత్రం ఎక్కడా దొరకలేదు.