అన్నలు, గ్రేహౌండ్స్, మన పిల్లల ఆటలు

మన పిల్లలు కంప్యూటర్ మీద ఆడే ఆటల్లో ఒక తరహా ఉంది. ఆడేవాడు ఏదో ప్రత్యేక దళంలో సైనికుడు. వెంట నలుగురైదుగురు తోటివాళ్ళు. ఎడారిలోనో, అడవిలోనో, కూలిపోయిన ఊళ్ళోనో నక్కి ఉన్న తిరుగుబాటుదారులను వెతికి వెతికి కాల్చాలి. చప్పుడు చేయకూడదు, తొందరపడకూడదు, తూటాలు వృథా చేయకూడదు. డబ్బా మీద పద్దెనిమిదేళ్ళు నిండినవారికే అని రాసి ఉన్నా, పద్నాలుగేళ్ళ కుర్రాళ్ళకు వీటి పేర్లన్నీ కంఠతా వచ్చు. అమ్మలు గోల పెడతారు, నాన్నలు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. పిల్లలు పడుకున్నాక కొందరు నాన్నలు తామూ ఆడతారనుకోండి, అది వేరే సంగతి.

ఈ ఆటలు మంచివా, చెడ్డవా అని తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. నేను ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి, చరిత్రకారుణ్ణి కాను. అయితే ప్రోగ్రాములు రాసేవాడి కన్ను ఒక చిన్న విషయం మీద పడింది. ఇలాంటి చాలా ఆటల్లో మనవాడి తల మీద ఒక గుర్తు గానీ పేరు గానీ కనబడుతుంది. అది లేనివాడు పగవాడు. ఎవరు మనవాళ్ళు, ఎవరు కారు అన్నది ఆట మొదలు కాకముందే ప్రోగ్రాము తేల్చేసి పెడుతుంది. ఆడేవాడికి మిగిలేది గురి చూడటమే. నిజమైన యుద్ధాల్లో కష్టమంతా ఆ గుర్తు దగ్గరే ఉంది. దీనికి ఒక ఉదాహరణ మా స్టాన్‌మోర్‌లోనే దొరుకుతుంది. మిగతావన్నీ మన గూడెం, మారేడుమిల్లి అడవుల్లో ఉన్నాయి.

కొండ మీది భవంతి

జూబిలీ లైనులో చిట్టచివరి స్టేషను స్టాన్‌మోర్. ఊరికి ఎగువన, గుట్ట మీద బెంట్లీ ప్రయరీ అనే పాత భవంతి ఉంది. 1936 నుంచి రాయల్ ఎయిర్ ఫోర్స్ ఫైటర్ కమాండ్‌కు అదే కేంద్రం. 1940లో జర్మన్ విమానాలు ఈ దేశం మీదికి దండెత్తినప్పుడు డౌడింగ్ అక్కడ కూర్చునే యుద్ధం నడిపాడు. 2013 నుంచి అందులో ఒక మ్యూజియం ఉంది. ఇంతకుముందు చూడకపోతే పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్ళండి. పెద్ద బల్ల, దాని మీద దేశపటం, పటం మీద బిళ్ళలు. యుద్ధకాలంలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న యువతులు పొడుగాటి కర్రలతో ఆ బిళ్ళలను జరుపుతూ ఉండేవారు. తీరం వెంట ఉన్న రాడార్ కేంద్రాల నుంచి ఒకదానితో ఒకటి పొసగని కబుర్లు వచ్చేవి. వచ్చేవి ఎన్ని విమానాలు, ఎంత ఎత్తున ఉన్నాయి, అన్నిటికన్నా ముఖ్యంగా అవి మనవా, వాళ్ళవా అన్నది క్షణాల్లో తేల్చాలి.

యుద్ధం మొదలైన నాలుగో రోజే ఆ తేల్చడంలో పొరపాటు జరిగింది. 1939 సెప్టెంబరు 6న శత్రు విమానాలు వస్తున్నాయని తప్పుడు కబురు అందింది. వాటిని ఎదుర్కోవడానికి హరికేన్లు లేచాయి. రాడార్‌కు ఆ హరికేన్లే శత్రువుల్లా కనబడ్డాయి. వెనకాల లేచిన స్పిట్‌ఫైర్లు రెండు హరికేన్లను కూల్చేశాయి. హల్టన్ హారప్ అనే యువ పైలట్ చనిపోయాడు. ఆ యుద్ధంలో ప్రాణం పోగొట్టుకున్న మొదటి బ్రిటిష్ ఫైటర్ పైలట్ అతడే. చంపిందీ బ్రిటిష్ వాళ్ళే. ఆ తర్వాతే, రాడార్ పలకరిస్తే ‘నేను మీవాణ్ణే’ అని జవాబు చెప్పే పరికరాన్ని విమానాలకు విరివిగా అమర్చారు. పిల్లల ఆటలో తల మీద కనబడే గుర్తుకు ముత్తాత ఆ పరికరమేనని చెప్పుకోవచ్చు.

ఆకాశంలో చిక్కు అలా తీరింది. అడవిలో ఇలాంటి పరికరం పనిచేయదు. అడవిలో కనబడే మనిషి నిన్న ఎవరివాడో, రేపు ఎవరివాడవుతాడో రాడార్‌కు అందదు.

మన్యంలో గురి

మన తెలుగు నేల మీద ప్రత్యేక దళాలు తిరుగుబాటుదారులను వేటాడిన కథల్లో అందరికీ తెలిసింది అల్లూరి సీతారామరాజుది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండవాళ్ళ పోడు వ్యవసాయం నేరమైపోయింది. దానికి తోడు రోడ్డు పనుల్లో వెట్టిచాకిరీ. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, ఇలా వరసగా మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద రాజు దాడి చేశాడు. ఏమేం ఆయుధాలు పట్టుకుపోతున్నాడో కాగితం మీద రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళాడు.

అదే ఏడు సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో జరిగింది ఇంకా ఆలోచించవలసిన సంగతి. రాజును వెతుక్కుంటూ పోలీసు బలగం ఇరుకు దారిలో వస్తోంది. ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను రాజు మనుషులు పోనిచ్చారు. ఇద్దరు ఇంగ్లీషు అధికారులు, స్కాట్ కవర్డ్, హైటర్, దగ్గరికి వచ్చాకే తుపాకులు పేలాయి. ఇద్దరూ చనిపోయారు. ఒంటి మీది యూనిఫారం ఒకటే అయినా రాజు దళం లెక్కలో ఆ కానిస్టేబుళ్ళు పగవాళ్ళు కారు. ఎవరిని కాల్చకూడదో ముందే నిర్ణయించుకుని పొంచి ఉన్నారన్నమాట.

ప్రభుత్వం దీన్ని ఇంకో రకంగా ఎదుర్కొంది. స్థానిక పోలీసులతో పని కావడం లేదని మలబార్ స్పెషల్ పోలీసును దింపింది. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్‌ను రప్పించింది. భాష తెలియనివాళ్ళు, ఆ ఊళ్ళలో చుట్టాలూ పక్కాలూ లేనివాళ్ళు. వాళ్ళకు మన్యంలో అందరూ ఒకలాగే కనబడతారు కాబట్టి చెయ్యి వణకదు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజు కథ ముగిసింది.

అక్కడితో తల మీది గుర్తు చెరిగిపోలేదు, మారింది. రాజు అనుచరుడు గాం మల్లుదొర నాడు రాజద్రోహి. 1952లో అదే మల్లుదొర స్వతంత్ర భారతదేశపు మొదటి లోక్‌సభలో సభ్యుడు. నాటి సర్కారు కాగితాల్లో ‘పితూరీ’ అని రాసుకున్న వ్యవహారాన్ని మనం పాఠ్యపుస్తకాల్లో స్వాతంత్ర్య పోరాటమని చదువుకున్నాం. 2022 ఏప్రిల్‌లో ఒక జిల్లాకే అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు.

అన్నలకు ఎదురుగా తమ్ముళ్ళు

1990ల చివర నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టలుకు వచ్చే పేపర్లో ‘ఎదురుకాల్పులు’ అన్న మాట లేని వారం ఉండేది కాదు. ఆటల్లో తిరుగుబాటుదారుణ్ణి ‘ఇన్‌సర్జెంట్’ అంటారు. మన పల్లెల్లో ఎవరూ ఆ మాట అనలేదు. ‘అన్నలు’ అనేవారు. రాత్రి అన్నలు వచ్చారు, అన్నలు అన్నం పెట్టమన్నారు, అన్నలు పంచాయితీ చేశారు. ప్రేమతో అన్నా, భయంతో అన్నా అదే మాట. చుట్టరికం కలిపి పిలిచే మనిషిని పగవాడుగా గుర్తించడం ఎంత కష్టమో ఆ ఒక్క మాటలోనే ఉంది.

1980లో కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో పీపుల్స్‌వార్ ఏర్పడింది. పోలీసులు జీపుల్లో, వ్యాన్లలో అడవికి వెళితే రోడ్డు కింద మందుపాతరలు పేలేవి. 1989లో కె.ఎస్. వ్యాస్ అనే ఐపీఎస్ అధికారి ఆలోచనతో గ్రేహౌండ్స్ దళం మొదలైంది. పేరు వేటకుక్కది. మా పక్కనున్న వెంబ్లీలో 1927 నుంచి 1998 దాకా ఆ కుక్కలతో పందేలు ఆడించేవారు. యంత్రపు కుందేలు ముందు పరుగెడుతుంటే అవి దాని వెంట పడేవి, ఎప్పటికీ అందుకునేవి కావు. వ్యాస్ గారి దళం అలా కాదు, అందుకోవడం నేర్చుకుంది. వాహనాలు మానేసి కాలినడక. చిన్న చిన్న జట్లు. రాత్రి ప్రయాణం. తిండీ నీళ్ళూ ఎవరి వీపు మీద వాళ్ళే మోసుకోవడం. ఒక్క మాటలో చెప్పాలంటే అన్నల పద్ధతులనే అన్నల మీద వాడటం. తర్వాత 2008లో కేంద్రం ఏర్పరచిన కోబ్రా దళానికి నమూనా ఇదే.

బ్రిటిష్ వాళ్ళు మలబారు నుంచీ అస్సాం నుంచీ మనుషుల్ని తెచ్చారని చెప్పాను కదా. గ్రేహౌండ్స్‌లో చేరింది మన జిల్లాల కుర్రాళ్ళే. అడవిలో తుపాకీకి ఈ చివర తెలుగువాడు, ఆ చివరా తెలుగువాడే. పేపర్లో చనిపోయినవాళ్ళ ఊళ్ళ పేర్లు చదువుతుంటే కానిస్టేబుల్‌దీ, దళ సభ్యుడిదీ ఒకే జిల్లా అయిన రోజులుండేవి.

1993 జనవరి 27న వ్యాస్‌ను హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో కాల్చి చంపారు. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ పడవ మీద మావోయిస్టులు గట్టు పైనుంచి దాడి చేశారు. మొత్తం 38 మంది చనిపోయారు, చాలామంది నీళ్ళలో మునిగిపోయారు. ఇటు చూస్తే, 2025 మే 21న ఛత్తీస్‌గఢ్ అడవుల్లో చనిపోయిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు శ్రీకాకుళం జిల్లావాడు, వరంగల్ ఆర్‌ఈసీలో బీటెక్ చదివినవాడు. ఈ పుస్తకం చదువుతున్నవారిలో ఆ కాలేజీ పూర్వ విద్యార్థులు తప్పకుండా ఉంటారు. అదే ఏడు నవంబరు 18న మాడ్వి హిడ్మా మారేడుమిల్లి అడవిలో ఎదురుకాల్పుల్లో చనిపోయాడని ఆంధ్రప్రదేశ్ పోలీసులు ప్రకటించారు. ఆ రోజుకు మారేడుమిల్లి ఉన్నది అల్లూరి సీతారామరాజు జిల్లాలో. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. కానీ చదివిన నాకు కాసేపు ఏమీ తోచలేదు.

గుర్తు చూడని మనిషి

నా మట్టుకు ఈ చరిత్రలో గట్టి మనిషి తుపాకీ పట్టినవాడు కాదు. ఆయన ఎస్.ఆర్. శంకరన్. జీవితమంతా దళితుల కోసం, గిరిజనుల కోసం పనిచేసిన ఐఏఎస్ అధికారి. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా గుర్తేడు దగ్గర నక్సలైట్లు కొందరు ఐఏఎస్ అధికారులను ఎత్తుకుపోయినప్పుడు అందులో ఈయనా ఉన్నారు. ఖైదీలుగా ఉన్న తమవాళ్ళను విడిపించుకున్నాకే అధికారులను వదిలారు. అలా బందీ అయినవాడికి పగ పెంచుకోవడానికి కావలసినంత కారణం ఉంది. ఆయన 1997లో పౌరస్పందన వేదికను ఏర్పరచి ఇటు ప్రభుత్వానికీ అటు పార్టీకీ ఒకే ప్రశ్న వేశారు: ఈ చావుల వల్ల పేదవాడికి ఒరిగింది ఏమిటి? ఆ వేదిక ఏళ్ళ తరబడి చేసిన ప్రయత్నం వల్లే 2004 అక్టోబరులో అడవిలోని నాయకులు హైదరాబాదు వచ్చి ప్రభుత్వంతో ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. మూడు నెలలు తిరక్కుండానే ఆ చర్చలు చెడిపోయాయి. తుపాకులు మళ్ళీ మోగాయి. శంకరన్ గారు 2010లో కన్నుమూశారు.

వరంగల్‌లో లెక్కలు బోధించి, తర్వాత పౌరహక్కుల కోసం నిలిచిన బాలగోపాల్ కూడా అలాంటివారే. పోలీసులను ఏ నోటితో ప్రశ్నించారో, అడవిలోని పార్టీని కూడా అదే నోటితో ప్రశ్నించారు. ఇద్దరి కోపాన్నీ భరించారు. ఇలాంటివాళ్ళకు ఆటలో పాత్ర ఉండదు. మధ్యలో నిలబడినవాడికి పాయింట్లు వేసే పద్ధతి ఏ ప్రోగ్రాములోనూ నేను చూడలేదు.

ప్రతివాడూ ‘మనవాడే’

2002 జూలై 4న అమెరికా సైన్యమే స్వయంగా ఒక ఆట తయారుచేసి ఉచితంగా పంచింది. దాని పేరు ‘అమెరికాస్ ఆర్మీ’. కుర్రాళ్ళను సైన్యంలో చేరేలా ఆకర్షించడం దాని ఉద్దేశం. 2022లో దాన్ని మూసేశారు. అందులో రెండు జట్లు ఆడేవి. తయారుచేసినవాళ్ళకు ఒక ధర్మసంకటం వచ్చింది: అమెరికా సైనికుణ్ణి కాల్చే పాత్ర ఎవరికి ఇస్తారు? వాళ్ళు కనిపెట్టిన ఉపాయం చూడండి. ప్రతి ఆటగాడికీ తన తెర మీద తన జట్టు అమెరికన్ సైనికులుగానే కనబడుతుంది, ఎదుటి జట్టు శత్రువులుగా కనబడుతుంది. అవతలి తెర మీద చూస్తే అది తలకిందులు. అంటే అందరూ సైనికులే, అందరూ అవతలివాడికి శత్రువులే.

ప్రోగ్రామరుగా చూస్తే తెలివైన కిటుకు. తెలుగువాడిగా చూస్తే మన యాభై ఏళ్ళ చరిత్ర. ఏటా అక్టోబరు 21న పోలీసులు తమ మృతులకు వందనం చేస్తారు, ‘అమరవీరుల సంస్మరణ దినం’ అంటారు. జూలై చివర మావోయిస్టులు తమ మృతుల పేర వారం పాటు సంస్మరణ జరుపుతూ వచ్చారు, ‘అమరవీరుల వారోత్సవం’ అన్నారు. రెండు వైపులా స్తూపాలు కట్టారు. రెండు వైపులా వాడిన మాట ఒక్కటే. కింద ఏడ్చిన తల్లుల భాషా ఒక్కటే.

పిల్లల్ని ఆడవద్దని చెబితే వినరు. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆట అయ్యాక వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడగండి: వాడు కాల్చిన మనిషిది ఏ ఊరు? అడవిలోకి ఎందుకు వచ్చాడు? వాణ్ణి వాళ్ళ ఊళ్ళో ఏమని పిలుస్తారు? వాడికి జవాబు తెలియదు, ఆటలో ఎవరూ చెప్పలేదు కాబట్టి. అప్పుడు దామనపల్లి చెప్పండి, బలిమెల చెప్పండి, శంకరన్ గారిని చెప్పండి. వేసవిలో ఇండియా వెళ్ళినప్పుడు విశాఖ నుంచి అరకు ఒక్కటే చూసి వచ్చేయకుండా కృష్ణదేవిపేట కూడా తీసుకువెళ్ళండి. సీతారామరాజు సమాధి అక్కడే ఉంది.